ఆ మౌనం ఎవరిది? జాతిహననం తర్వాతి సినిమాలు చూసే పద్ధతి

జాతిహననం మీద వచ్చిన మంచి సినిమాల్లో హత్యలు తెర మీద కనపడటం అరుదు. కనపడేది ఆ తర్వాత మిగిలిన ఇల్లు. ఏళ్ల తరబడి ఎవరూ ఎత్తని ఒక పేరు, ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్న పిల్లలు, పక్కవీధిలోనే కాపురముంటున్న హంతకుడు. ఇలాంటి సినిమా చూసి లేచి ‘మౌనాన్ని గొప్పగా చూపించాడు’ అని ఊరుకుంటే అసలు సంగతి చేజారినట్టే. చావు తప్పించుకున్నవాళ్ల మౌనం వేరు, చంపినవాడి మౌనం వేరు. ప్రభుత్వం మౌనం ఇంకొకటి. తర్వాత పుట్టిన పిల్లల మౌనం ఈ మూడింటిలో దేనికీ చెందదు. వీటిని విడదీసి చూడటానికి ఒక నోటుపుస్తకం, ఫోన్‌లో స్టాప్‌వాచ్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు ఏవి, ఏ వరసలో

మొదలుపెట్టడానికి నాలుగు సినిమాలు తీసుకోండి. ఇండోనేసియా హత్యల మీద జోషువా ఒపెన్‌హైమర్ తీసిన ‘ద లుక్ ఆఫ్ సైలెన్స్’ (2014), కంబోడియా దర్శకుడు రితీ పాన్ తీసిన ‘ఎస్-21’ (2003), ఆయనదే ‘ద మిస్సింగ్ పిక్చర్’ (2013), పావెల్ పావ్లికోవ్‌స్కీ పోలండ్‌లో తీసిన ‘ఇడా’ (2013). మొదటి మూడూ డాక్యుమెంటరీలు, ఒక్కోటీ గంటన్నర దాటుతుంది. ఇడా కథాచిత్రం, 82 నిమిషాలు.

వరస ఇదే ఉండాలి. లుక్ ఆఫ్ సైలెన్స్‌లో నాలుగు రకాల మౌనాలూ ఒకే ఊళ్లో ఎదురవుతాయి కాబట్టి అది ముందు. ఇడా చివర్లో, ఎందుకంటే కథాచిత్రంలో ప్రతి మౌనాన్నీ దర్శకుడు కూర్చి పెడతాడు. నిజమైన మనుషులు ఎలా ఆగిపోతారో కళ్లారా చూశాక అక్కడికి వెళ్తే ఆ కూర్పు తెలుస్తుంది.

వారానికి ఒకటి చూడండి. శని, ఆదివారాల్లో నాలుగూ లాగించేస్తే రెండోదానికే మనసు మొద్దుబారుతుంది. ఎవరు ఏడ్చారో గుర్తుంటుంది గానీ ఎవరు ఏ మాట దగ్గర ఆగారో గుర్తుండదు. ప్రతి సినిమా రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా, ఏమీ రాసుకోకుండా. రెండోసారి మూడు నాలుగు రోజుల తర్వాత, పుస్తకం ఒళ్లో పెట్టుకుని. రెండుసార్లూ మామూలు వేగంలోనే చూడండి. 1.25కి పెట్టారంటే ఈ పద్ధతి మొత్తం పనికిరాకుండా పోతుంది, మనం కొలవబోయేది సెకన్లనే కాబట్టి.

దూరం లెక్క

రెండోసారి చూసే ముందు ఒక పేజీలో మూడు సంఖ్యలు వేసుకోండి: సంఘటన ఏ ఏడు, సినిమా ఏ ఏడు, మధ్యలో ఎన్నేళ్లు. ఇండోనేసియాలో కమ్యూనిస్టులనీ, వాళ్లతో సంబంధం ఉన్నవాళ్లనీ ముద్ర వేసి చంపింది 1965–66లో. కనీసం 5 లక్షల మంది, కొన్ని అంచనాల్లో 10 లక్షలు దాటుతుంది. లుక్ ఆఫ్ సైలెన్స్ వచ్చేసరికి దాదాపు యాభై ఏళ్లు. కంబోడియాలో పోల్ పోట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ పాలన 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 దాకా. ఆ కాలంలో చనిపోయినవాళ్లు సుమారు 17 నుంచి 20 లక్షలు. ఎస్-21కి ఆ దూరం 24 ఏళ్లే. అందుకే ఎస్-21లో ఒకప్పటి జైలు కాపలావాళ్లు ఇంకా నడివయసులో, వొంట్లో బలంతో ఉంటారు. లుక్ ఆఫ్ సైలెన్స్‌లో చంపినవాళ్లు ముసలివాళ్లు, పక్కన కూతుళ్లూ కొడుకులూ కూర్చుని ఉంటారు. ఎస్-21 ఒక తరం గురించి, లుక్ ఆఫ్ సైలెన్స్ మూడు తరాల గురించి ఎందుకైందో ఈ కూడికలు తీసివేతలే చెప్పేస్తాయి.

ఇంకో గీత గీసి అధికారం ఎవరి చేతిలో ఉందో రాయండి. ఆ హత్యల తర్వాత ఇండోనేసియాను ఏలిన సుహార్తో 1998లో దిగిపోయాడు, కానీ చంపినవాళ్ల మీద విచారణ జరగలేదు. లుక్ ఆఫ్ సైలెన్స్ చివర వచ్చే పేర్లలో చాలామంది స్థానిక సిబ్బంది పేర్ల బదులు ‘అనామకులు’ అని ఉంటుంది. ఆ పేర్ల జాబితా అయ్యేదాకా లేవకండి. ప్రభుత్వపు మౌనం సినిమాలో అంత సూటిగా కనపడే చోటు ఇంకొకటి లేదు. కంబోడియాలో ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో నడిచిన న్యాయస్థానం ఎస్-21 జైలు అధిపతి దుచ్‌కి 2010లో శిక్ష వేసింది. అంటే ఎస్-21 సినిమాలో కాపలావాళ్లు మాట్లాడిన నాటికి ఆ తీర్పు లేదు.

ఈ పేజీలోనే ఒక చిక్కు కూడా రాసుకోవాలి. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం జాతీయ, జాతి, వర్ణ, మత సమూహాల నిర్మూలననే జాతిహననం అంటుంది. రాజకీయ సమూహాలు అందులో లేవు. అందుకే ఇండోనేసియా హత్యలకు ఆ పేరు వర్తిస్తుందా అన్నది న్యాయశాస్త్రంలో వాదంగానే ఉంది. కంబోడియాలోనూ 2018 తీర్పు జాతిహననం అన్నది వియత్నామీలు, చామ్ ముస్లింల విషయంలోనే. మిగతావి ఎక్కువగా మానవాళిపై నేరాల కింద వచ్చాయి. చర్చ పెట్టినప్పుడు గంటసేపు ఈ పేరు మీదే కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ముందే రాసి పెట్టుకుంటే రెండు నిమిషాల్లో దాటొచ్చు.

అయిదు గడుల పట్టిక

రెండోసారి చూసేటప్పుడు పేజీని అయిదు నిలువు గడులుగా విడదీయండి: ఎవరు ఆగారు, ఎవరి ముందు ఆగారు, ఏ మాట తర్వాత, ఎన్ని సెకన్లు, ఆ మౌనాన్ని తెంచింది ఎవరు. మూడు సెకన్ల లోపువి వదిలేయండి, అది మామూలు మాటల్లో ఉండే ఊపిరి. పది దాటినవాటి కింద గీత పెట్టండి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆగిన మనిషి ముఖం మీద నుంచి కెమెరా ఇంకెవరి మీదకో వెళ్లి మళ్లీ వెనక్కి వస్తే, ఆ కొలత మనిషిది కాదు, ఎడిటర్‌ది. అసలు మౌనం నాలుగు సెకన్లే అయ్యుండొచ్చు, మధ్యలో ఇంకో షాట్ పెట్టి పన్నెండు చేసి ఉండొచ్చు. మధ్యలో కట్ పడితే సెకన్ల పక్కన ‘క’ అని రాయండి. ‘క’ లేని మౌనాలను మనిషి లెక్కలో వేసుకోవచ్చు. ‘క’ ఉన్నవి దర్శకుడి మాటల కింద లెక్క. రెండూ విలువైనవే, కలిపేయకూడదు.

లుక్ ఆఫ్ సైలెన్స్‌లో మొదటి వాడకం ఇలా ఉంటుంది. ఆది ఉత్తర సుమత్రాలో కంటి పరీక్షలు చేసి కళ్లద్దాలిచ్చే మనిషి. అన్న రాంలీని 1965లో చంపేశారు. ఆది ఆ తర్వాత పుట్టాడు. సినిమాలో పదే పదే వచ్చే దృశ్యం ఒకటుంది: ఆది టీవీ ముందు ఒంటరిగా కూర్చుని, ఇద్దరు ముసలివాళ్లు నది ఒడ్డున నవ్వుకుంటూ అన్నను ఎలా చంపారో చేసి చూపిస్తున్న వీడియో చూస్తుంటాడు. ఒక్క మాట ఉండదు. ‘ఎవరి ముందు’ అన్న గడిలో ఏం రాయాలి? అక్కడ ఎవరూ లేరు కదా అని ఖాళీగా వదిలేయకండి. ‘కెమెరా ముందు’ అని రాయండి. తల్లి ముందు, ఊరివాళ్ల ముందు చూపించలేని ముఖాన్ని అతను మనకు చూపిస్తున్నాడు. పట్టిక నిండాక తల్లితో ఉన్నప్పటి అతని మౌనాలనూ టీవీ ముందు మౌనాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

అదే సినిమాలో ఒక కూతురు, ముసలి తండ్రి. తండ్రి గురించి ఆమె మొదట గర్వంగానే మాట్లాడుతుంది. తాను చంపిన మనుషుల రక్తం తాగిన సంగతి తండ్రి నోటి నుంచే వస్తుంది, ఆమె అది మొదటిసారి వింటోంది. ఆ క్షణం నుంచి ఆమె మళ్లీ మాట్లాడేదాకా స్టాప్‌వాచ్ నొక్కి ఉంచండి. తర్వాత ఆమె తండ్రి తరఫున క్షమించమంటుంది. ఇంకో ఇంట్లో, చంపినవాడు అప్పటికే పోయాడు. భార్య, కొడుకులకు ఆ మనిషి వీడియో చూపిస్తే తమకేమీ తెలియదంటారు, కోపమొస్తుంది, ఆపమంటారు. అయితే ఆ భార్య గతంలో భర్త పక్కనే కూర్చుని ఆ మాటలన్నీ విన్న వీడియో కూడా మనకు కనపడుతుంది. ఈ రెండు ఇళ్లకూ పట్టికలో చెరో పేజీ ఇవ్వండి. మొదటి ఇంట్లో మౌనం తెలియకపోవడం వల్ల, రెండో ఇంట్లో తెలిసినందువల్ల. సెకన్లు ఒకేలా వచ్చినా ‘ఏ మాట తర్వాత’ అన్న గడి తేడాని పట్టిస్తుంది.

‘గతం గతః’ ఎవరన్నారు

ఇది ఈ పద్ధతిలో చిన్న పనే, కానీ దీనంత పని చేసేది ఇంకోటి లేదు. అయిపోయిందేదో అయిపోయింది, మానిన గాయాన్ని రేపొద్దు, ఇప్పుడవన్నీ ఎందుకు: ఈ అర్థంలో మాట వచ్చినప్పుడల్లా పేజీ చివర ఒక గీత. పక్కన చంపినవాడు అంటే ‘చం’, బతికి బయటపడ్డవాడు అంటే ‘బ’. లుక్ ఆఫ్ సైలెన్స్‌లో ఇద్దరూ అంటారు. సబ్‌టైటిల్‌లో వాక్యం దాదాపు ఒకటే. కానీ ఒకరు అంటే అందులో బెదిరింపు ఉంటుంది, ఇంకోసారి జరగొచ్చన్న మాట వెనకాలే వస్తుంది. ఇంకొకరు అంటే భయం. తెలుగులో ‘వదిలెయ్ నాయనా’ అని తల్లి అనడానికీ, ఊరిపెద్ద అనడానికీ ఉన్న తేడానే అది. మాట మీద కాకుండా అన్నవాడి చేతుల మీద, కూర్చున్న తీరు మీద దృష్టి పెట్టండి.

ఆ ఊరి పిల్లలకు ఏం నూరిపోస్తున్నారో చూపే తరగతి గది దృశ్యం కూడా ఉంది. ఆది కొడుకు బడిలో టీచరు కమ్యూనిస్టుల క్రూరత్వం గురించి చెబుతుంటాడు. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక సంగతి తెలియాలి. 1984లో సుహార్తో ప్రభుత్వం 1965 ఘటనల మీద ఒక సినిమా తీయించి, 1997 దాకా ఏటా సెప్టెంబరు 30న టీవీలో వేసింది, బడిపిల్లలకు తప్పనిసరిగా చూపించింది. అంటే ఆ దేశంలో మౌనం ఖాళీ జాగా కాదు, ఇంకో కథతో నింపేసిన జాగా. పట్టికలో ఇలాంటి చోట్ల సెకన్లు రాయకండి. ‘నింపారు’ అని రాసి, దేనితో నింపారో రాయండి.

ఇదే కొలత మీద, నాజీ శిబిరాల గురించి అలాన్ రెనె తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’ (1956)ని ఒక సాయంత్రం చూడొచ్చు, 32 నిమిషాలే. ఫ్రాన్స్‌లోని శిబిరం దగ్గర కాపలా ఉన్న ఫ్రెంచి పోలీసు టోపీ ఒక ఫోటోలో కనపడుతుందని సెన్సారు అభ్యంతరం చెప్పింది, దాన్ని కప్పేయాల్సి వచ్చింది. వ్యాఖ్యానంలో యూదులు అనే మాట దాదాపు వినపడదు. నాజీల గురించి అంత గట్టిగా మాట్లాడిన సినిమా కూడా సొంత దేశం దగ్గర ఆగింది.

నోరు చెప్పనిది వొళ్లు చెబితే

ఎస్-21కి వచ్చేసరికి పట్టికలో ఒక గడి మార్చాలి. సెకన్ల బదులు ‘చేతులు ఏం చేస్తున్నాయి’. నోం పెన్‌లో ఒక బడిని జైలుగా మార్చి, వేలమందిని చిత్రహింసలు పెట్టి చంపిన చోటు అది. ప్రాణాలతో మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కించొచ్చు. వాళ్లలో ఒకరైన చిత్రకారుడు వాన్ నాత్, పోల్ పోట్ బొమ్మలు గీయగలడు కాబట్టి బతికాడు. సినిమాలో ఆయన మాజీ కాపలావాళ్లను అడుగుతాడు: మీరూ బాధితులే అయితే, ఇక్కడ ఉన్న ఖైదీలు ఎవరు? ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు పొడి పొడి మాటలు. కానీ ఒక కాపలావాడు ఖాళీ గదిలోకి వెళ్లి అప్పటి పని చేసి చూపించడం మొదలుపెడితే ఆగడు. లేని ఖైదీలను గదమాయిస్తాడు, తాళాలు తడిమి చూస్తాడు, నీళ్లిస్తాడు, వరసల మధ్య తిరుగుతాడు. అడిగితే రానిదంతా కాళ్లూ చేతులూ గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది కెమెరా ఎక్కడుందో. అది గడప దగ్గరే ఆగిపోతుంది, అతని వెనక గదిలోకి వెళ్లదు. వెళ్తే నేల మీద పడుకున్న ఖైదీల మీద నడిచినట్టవుతుందని రితీ పాన్ ఉద్దేశం. గదిలో ఎవరూ లేరు, అయినా వాళ్లకు చోటు వదిలాడు. దర్శకుడి మర్యాదని కొలవాలంటే కన్నీళ్లు కాదు, కెమెరా ఎన్ని అడుగుల దూరంలో ఆగిందో చూడాలి. ప్రతి ముఖ్య దృశ్యానికీ కెమెరా, మనిషి, గుమ్మం ఎక్కడున్నాయో చిన్న గీతల బొమ్మ వేసుకోండి. నాలుగు గీతలు చాలు. సినిమా మొదట్లో ఒక మాజీ కాపలావాడు ఇంట్లో ఉంటాడు, తల్లిదండ్రులు పూజ చేయించుకుని పాపం పోగొట్టుకోమంటారు. తరాల జ్ఞాపకం అంటే పిల్లలకే చేరుతుందని అనుకుంటాం గానీ, ఇక్కడ అది ముసలి అమ్మానాన్నల నెత్తిన కూర్చుంది. పట్టికలో పైతరాలకు కూడా చోటుంచండి.

ద మిస్సింగ్ పిక్చర్‌లో సమస్య వేరు. ఆ నాలుగేళ్ల నుంచి మిగిలిన సినిమా రీళ్లన్నీ ఖ్మేర్ రూజ్ ప్రచారానికి తీసుకున్నవే. పాన్ కుటుంబం ఆకలితో పోయిన బొమ్మ ఎక్కడా లేదు. కాబట్టి మట్టిబొమ్మలు చేయించాడు. ఆ బొమ్మలు కదలవు, కదిలేది కెమెరా. మూడు చోట్ల ఆపి చూడండి. మట్టిని నీళ్లతో తడిపి మనిషిని చెక్కే మొదట్లోని దృశ్యం, నల్లబట్టల గుంపులో చుక్కల చొక్కాతో మిగిలిన పిల్లవాడి బొమ్మ, ఇక తిననని తిండి మానేసి చనిపోయిన తండ్రి బొమ్మ. తర్వాత ప్రచార రీళ్ల మీద మట్టిబొమ్మల్ని అతికించిన చోట్లు లెక్కపెట్టండి. ప్రభుత్వం చెప్పిన బొమ్మ, అది దాచిన మనిషి ఒకే ఫ్రేమ్‌లో ఉండేది అక్కడే. వ్యాఖ్యానం ఫ్రెంచిలో సాగుతుంది, అది కవిత్వంలా ఉండటంతో చాలామంది మాటలు వింటూ బొమ్మల్ని వదిలేస్తారు. రెండోసారి పది నిమిషాలు ధ్వని తీసేసి చూస్తే ఈ ఇబ్బంది పోతుంది.

ఇల్లు ఇప్పుడు ఎవరి చేతిలో

ఇడా 1962లో జరుగుతుంది. సన్యాసినిగా దీక్ష తీసుకోబోతున్న అమ్మాయికి తాను యూదుల బిడ్డననీ, అమ్మానాన్నల్ని యుద్ధకాలంలో చంపేశారనీ తెలుస్తుంది. అసలు ప్రశ్న వేరే ఉంది: వాళ్లింట్లో ఇప్పుడు ఎవరున్నారు? ఆ ఇంట్లో కాపురముంటున్నవాడు, ఇంటి మీద హక్కు వదులుకుంటామని మాటిస్తే శవాల్ని ఎక్కడ పూడ్చారో చూపిస్తానంటాడు. మౌనానికి ధర ఉంది, ఆ ధర ఒక ఇల్లు. నలుపు తెలుపుల్లో, దాదాపు చతురస్రపు ఫ్రేమ్‌లో మనుషుల్ని కింది అంచుకు నెట్టి పైన ఖాళీ వదలడాన్ని అందరూ పొగుడుతారు. అది గమనించండి, కానీ ఇంటి సంగతి విడిచి దాని గురించే మాట్లాడకండి. కెమెరా సినిమా అంతా దాదాపు కదలకుండా ఉండి చివర్లో చేతి మీదకు మారుతుంది, అది ఎక్కడో గుర్తు పెట్టుకోండి.

ఇడా తర్వాత వీలైతే యాస్మిలా జ్బానిచ్ ‘క్వో వాదిస్, ఆయిదా?’ (2020) చూడండి. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లనూ కుర్రాళ్లనూ చంపారు. చివరి దృశ్యాల్లో ఆయిదా తన ఇంటికి తిరిగొస్తే అక్కడ వేరేవాళ్లు కాపురముంటారు. ఆమె మళ్లీ బడిలో పాఠం చెబుతుంది. పిల్లలు వేదిక మీద చేతులతో కళ్లు మూసి తెరుస్తుంటే, చూసేవాళ్లలో ఎవరెవరు కూర్చున్నారో ముఖం ముఖం పరిశీలించండి.

పదిమందితో చూస్తే

పన్నెండు మందికి మించొద్దు. మించితే ఇద్దరే మాట్లాడతారు. బయట నలుగురికీ ప్రదర్శించాలంటే పంపిణీదారు దగ్గర అనుమతి తీసుకోవాలి. సబ్‌టైటిల్స్ ఇంగ్లిషులోనే దొరుకుతాయి కాబట్టి అర్థం కానివాళ్ల కోసం ఎవరో ఒకరు పక్కన గుసగుసగా తెలుగులో చెబుతుంటారు. అదే మౌనాన్ని మింగేస్తుంది. దానికి బదులు ముందు రోజే దృశ్యాల వరస, మనుషుల పేర్లు, బంధుత్వాలు ఒక పేజీ తెలుగులో రాసి అందరికీ ఇవ్వండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వొద్దు. ఎవరైనా మధ్యలో లేచి వెళ్లేలా తలుపు దగ్గర కుర్చీలు వేయండి. సినిమా అయ్యాక దీపాలు వెంటనే వేయకుండా పది నిమిషాలు ఆగండి. మొదటి ప్రశ్న ‘ఎలా అనిపించింది’ అయితే చర్చ బాధ దగ్గరే ముగుస్తుంది. ‘ఎవరు ఎక్కడ ఆగారు’ అని మొదలెట్టండి.

ఈ నాలుగూ అయ్యాకే, యూదుల జాతిహననం మీద క్లోద్ లాంజ్‌మాన్ తీసిన ‘షోవా’ (1985). తొమ్మిదిన్నర గంటల సినిమా, పాత రీళ్లు ఒక్కటీ వాడలేదు. రెండు గంటల చొప్పున అయిదు సాయంత్రాలు పెట్టుకోండి. పోలిష్ రైతు మాట్లాడతాడు, దుబాసీ ఫ్రెంచిలో చెబుతుంది, అప్పుడు గానీ సబ్‌టైటిల్ రాదు. ఆ వ్యవధిలో తెర కింద చదవడానికి ఏమీ ఉండదు, ముఖం చూడటానికి అదే అదను. నాజీ మరణశిబిరం నుంచి బతికి బయటపడ్డ మంగలి అబ్రహాం బోంబా చెబుతూ చెబుతూ ఆగిపోయే దృశ్యంలో లాంజ్‌మాన్ చెప్పి తీరాలంటాడు. ఆ క్షౌరశాల బోంబాది కాదు, సినిమా కోసం తీసుకున్నది. కత్తెర కూడా ఆ దృశ్యం కోసమే చేతిలో పెట్టింది. అలా పట్టుబట్టడం సబబేనా అని రెండు పేజీలు వాదించుకోవచ్చు, వాదించుకోండి. పోలండ్‌లో నాజీ మరణశిబిరం ఉన్న ఖెల్మ్నో ఊళ్లో చర్చి ముందు దృశ్యాన్ని మాత్రం మూడోసారి కూడా చూడండి. ఆ శిబిరం నుంచి బతికి బయటపడ్డ సీమోన్ స్రెబ్నిక్ మధ్యలో నిలబడి ఉంటాడు, చుట్టూ ఊరివాళ్లు ఆ రోజుల గురించి గలగలా మాట్లాడుతుంటారు. మూడోసారి సబ్‌టైటిల్స్ తీసేసి, అతని ముఖం ఒక్కటే చూస్తూ స్టాప్‌వాచ్ నొక్కండి.